బూట్లలో దాచిన కాగితాలు

2025లో ఒకనాడు ఇంకా తెల్లవారకుండానే వర్జీనియా నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. వేళకాని వేళ ఫోను మోగితే గుండె గుభేలుమనడం మా ఇంట్లో అందరికీ అలవాటే. "ఏమయిందే? పిల్లవాడు బాగున్నాడా?" అన్నాను కంగారుగా.

"అంతా బాగున్నారక్కా. నీ బూట్ల పిల్ల పెళ్ళి చేసుకుందిట!" అంది.

మావారు దుప్పటి ముసుగులోంచే "ఎవరూ, ఆ బూట్ల పిల్ల?" అన్నారు. మీరూ అదే అడుగుతారని తెలుసు. చెప్తాను.

ఆవిడ పేరు ఫాన్ హాల్. పిల్ల అన్నానే గానీ పెళ్ళినాటికి అరవై దాటిన మనిషి. వరుడు ఆలివర్ నార్త్ ఎనభై దాటినవాడు. ఆయన మొదటి భార్య 2024లో పోయింది. ఈవిడ భర్త అంతకు చాలా ఏళ్ళ ముందే పోయాడు. ఒకప్పుడు ఆయన శ్వేతసౌధంలో అధికారి, ఈవిడ ఆయన సెక్రటరీ. ఆ వయసులో ఎవరి తోడు ఎవరు కోరుకున్నా మనకెందుకు చెప్పండి. నాకు పట్టింది పెళ్ళి కాదు, 1986 నవంబరులో ఆవిడ బూట్లలో దాచుకుని బయటికి తెచ్చిన కాగితాలు.

ఈ కథ నాకెలా తగులుకుందంటే, చెల్లెలి పురిటికి అమ్మ లేదు కనుక నేనే వెళ్ళాను. బయట మోకాలి లోతు మంచు. పసివాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని టీవీ ముందు కూచోవడం తప్ప పనిలేదు. అక్కడ పాత విచారణల రికార్డులన్నీ చూడనిస్తారు. అలా 1987 నాటి విచారణ ఒకటి పెట్టుకున్నాను. బి.ఏ.లో నేను చదివిన చరిత్ర అంతా పానిపట్టు యుద్ధాలూ, ఫ్రెంచి విప్లవమూను. సెక్రటరీ పిల్ల ఒకతె చరిత్రలోకి ఎలా వచ్చిందో చూద్దామని కూచున్నాను. పసివాడు నిద్రపోయినా నేను లేవలేదు.

దీన్ని ఇరాన్-కాంట్రా కుంభకోణం అంటారు. పేరులోనే రెండు దేశాలు కలిసిపోయాయి. ఒకటి పశ్చిమాసియాలో ఇరాన్. రెండోది మధ్య అమెరికాలో చిన్నదేశం నికరాగువా. వీటికీ వాటికీ ముడి పెట్టాలంటే మామూలు బుర్రకి తట్టదు.

ముందు ఇరాన్ సంగతి. 1979 నవంబరు 4న టెహరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ముట్టడించారు. 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉండిపోయారు. 1981 జనవరి 20న రొనాల్డ్ రీగన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజే వాళ్ళు విడుదలయ్యారు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మకూడదని అమెరికా నిషేధం పెట్టింది. మీరూ అమ్మకండని మిగతా దేశాలకూ నచ్చచెప్తూ తిరిగింది. అటు ఇరాన్‌కేమో 1980 నుంచీ ఇరాక్‌తో యుద్ధం. షా కాలంలో కొన్న ఆయుధాల్లో ఎక్కువభాగం అమెరికావే. కంపెనీవాడితో తగవు పెట్టుకున్నాక మన ఇంట్లో గ్రైండరు చెడిపోతే ఎలా ఉంటుంది? విడిభాగం కావాలంటే ఆ కంపెనీయే గతి. వాళ్ళ పరిస్థితి అలా ఉంది.

ఆ రోజుల్లోనే లెబనాన్‌లో, ఇరాన్ మాట వినే ముఠాలు బీరూట్ వీధుల్లో అమెరికన్లను ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. 1984 మార్చిలో ఎత్తుకుపోయిన విలియం బక్లీ సి.ఐ.ఏ. అధికారి. ఆయన చెరలోనే చనిపోయాడు. తరవాత ఒక పాస్టరు, ఒక ఫాదరు, ఆస్పత్రి డైరెక్టరు, కాలేజీ అధ్యాపకుడు. 1985 మార్చిలో టెరీ ఆండర్సన్ అనే పాత్రికేయుణ్ణి పట్టుకుపోయేనాటికి ఆయన పెళ్ళాడబోయే ఆవిడ గర్భిణి. మూడు నెలలకు కూతురు పుట్టింది. కూతుర్ని ఆయన మొదటిసారి చూసింది ఆ పిల్లకు ఆరేళ్ళు వచ్చాకనే.

ఇలాంటి కుటుంబాలను కలిసినప్పుడల్లా రీగన్ కదిలిపోయేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళందరూ రాశారు. అది నటన అని నేననుకోను. సినిమానటుడే అయినా మనసు మెత్తనివాడే కావచ్చు. ఆ మెత్తదనాన్ని పట్టుకునే అందరూ లోపలికి వచ్చారు.

1985 ఆగస్టులో ఇజ్రాయెల్ ద్వారా 96 టో క్షిపణులు ఇరాన్ చేరాయి. టో అంటే యుద్ధ ట్యాంకులను పేల్చే క్షిపణి. ఒక్క బందీ కూడా రాలేదు. సెప్టెంబరులో మరో 408 వెళ్ళాయి. అప్పుడు పాస్టరు బెంజమిన్ వియర్‌ను వదిలారు. అంటే 504 క్షిపణులకు ఒక మనిషి. 1986 జనవరి 17న రీగన్ ఒక రహస్య పత్రం మీద సంతకం పెట్టాడు. ఇక ఇజ్రాయెల్ నిల్వల అవసరం లేకుండా అమెరికాయే తన సరుకు తాను అమ్మడం మొదలుపెట్టింది. ఈ బేరాల సంగతి తమ పార్లమెంటుకు ఒక్క ముక్క చెప్పలేదు. అన్నట్టు, అక్కడి చట్టసభను కాంగ్రెసు అంటారు. మన కాంగ్రెసు పార్టీ అనుకునేరు!

మధ్యవర్తి మనూచెర్ ఘోర్బనీఫర్ అనే ఇరాన్ వ్యాపారి. అబద్ధాలు పట్టే యంత్రం ముందు అమెరికావాళ్ళే అతణ్ణి కూచోబెట్టారు. ఫెయిలయ్యాడు. అయినా బేరం అతనితోనే సాగింది. మనం పెళ్ళిసంబంధానికి మధ్యవర్తి మాట రెండుసార్లు తప్పితే మూడోసారి గడప తొక్కనివ్వం కదండీ.

ఇక ఈ కథలో నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చిన ఘట్టం కేకుది. 1986 మే 25న ఒక విమానం టెహరాన్‌లో దిగింది. అందులో రీగన్‌కు అంతకు ముందు భద్రతా సలహాదారుగా ఉన్న రాబర్ట్ మెక్‌ఫార్లేన్, మెరైన్ దళం లెఫ్టినెంట్ కల్నల్ ఆలివర్ నార్త్, మరికొందరు. చేతుల్లో దొంగ పాస్‌పోర్టులు. విమానం కడుపులో హాక్ క్షిపణుల విడిభాగాలు. వాటితోపాటు టెల్అవీవ్ బేకరీలో కొన్న చాక్లెట్ కేకు, దానిమీద ఇత్తడి తాళంచెవి. రెండు దేశాల మధ్య తలుపులు తెరుచుకోవాలని కాబోలు! ఇరాన్ పెద్దలకు కేకు పట్టుకెళ్దామన్న ఆలోచన వచ్చినవాళ్ళకి అది రంజాను నెల అన్న ఆలోచన రాలేదు. కేకు పెద్దలదాకా వెళ్ళనేలేదు. విమానాశ్రయం దగ్గరున్న కాపలా కుర్రాళ్ళే తినేశారని తరవాత బయటపడింది.

అధ్యక్షుడు రీగన్ చేతిరాతతో ఒక వాక్యం రాసిచ్చిన బైబిలు కూడా ఈ కథలో ఉంది. చాలామంది కేకుతోపాటే వెళ్ళిందనుకుంటారు. కాదు, దాన్ని అక్టోబరులో జర్మనీలో జరిగిన మరో మంతనంలో ఇచ్చారు. 1987 జనవరిలో రఫ్సంజానీ దాన్ని విలేఖరుల ముందు ఎత్తి చూపించాడు.

టెహరాన్‌లో మూడు రోజులు పాత హిల్టన్ హోటల్ పై అంతస్తులో కూచుని బేరాలాడి, వట్టి చేతులతో తిరిగొచ్చారు. మెక్‌ఫార్లేన్ దిగాలుగా ఉంటే, టెల్అవీవ్ విమానాశ్రయంలో నార్త్ ఓదార్చాడుట. పూర్తిగా నష్టమేం కాలేదు, ఈ అమ్మకంలో మిగిలిన డబ్బు కొంత నికరాగువాకు పోతోందని.

ఇదిగో, ముడి ఇక్కడుంది.

నికరాగువాలో 1979లో సొమోజా నియంతృత్వాన్ని కూలదోసి శాండినిస్టాలు అధికారంలోకి వచ్చారు. వాళ్ళు వామపక్షంవాళ్ళు. వాళ్ళతో పోరాడే సాయుధ ముఠాలకు కాంట్రాలని పేరు. రీగన్‌కు వాళ్ళంటే ప్రాణం. కానీ వాళ్ళు పల్లెల మీద పడి చేసే ఘోరాల సంగతి తెలిశాక కాంగ్రెసు 1984 అక్టోబరులో ఖచ్చితంగా చట్టం చేసింది, వాళ్ళకు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదని. బోలండ్ అనే సభ్యుడి పేరుమీద అది బోలండ్ సవరణ అయింది. దానిమీద సంతకం పెట్టినవాడూ రీగనే.

ఇంటాయన పైసా ఇవ్వనంటే తమ్ముడికి చీటీపాట డబ్బులోంచి సర్దే ఇల్లాళ్ళు మనలో లేకపోలేదు. నేనూ సర్దాను. కానీ తమ్ముడు ఆ డబ్బుతో తుపాకులు కొనడు కదా.

ఆ సర్దుబాటుకు నార్త్‌ను పెట్టారు. సౌదీ అరేబియా 3 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చింది. బ్రూనై సుల్తాన్ కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ కోటీ ఏమయిందో తెలుసా? స్విస్ బ్యాంకు ఖాతా నంబరులో అంకెలు తారుమారై ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యాపారి ఖాతాలో పడింది! గ్యాసు బుకింగులో ఒక అంకె తప్పు నొక్కినందుకు మావారు నన్ను వారం రోజులు ఆడిపోసుకున్నారు.

ఇంకో దారి కూడా ఉంది. డబ్బున్న ముసలివాళ్ళను శ్వేతసౌధం చూపిస్తామని పిలవడం. వచ్చినవాళ్ళకి నార్త్ కాంట్రాల కష్టాలు కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. ఆయన ప్రభుత్వోద్యోగి కనుక డబ్బు అడగకూడదు. కనుక కష్టాలు చెప్పి బయటికి వెళ్ళిపోయేవాడు. తరవాత చానెల్ అనే ఆయన అడిగేవాడు. టెక్సస్‌లో ఎలెన్ గార్‌వుడ్ అనే పెద్దావిడ ఇలా 20 లక్షల డాలర్లు దాటి ఇచ్చింది. ఒక హోటల్లో కూచోబెట్టి ఆవిడకు ఒక జాబితా చూపించారుట. ఏ ఆయుధానికి ఎంత ధరో వరసగా రాసి ఉన్న జాబితా. సంతర్పణకి బియ్యం ఇంత, నెయ్యి ఇంత అని రాసి దాతలకు చూపించరూ, అలా. ఆవిడ డబ్బుతో కొన్న హెలికాప్టరుకు 'లేడీ ఎలెన్' అని ఆవిడ పేరే పెట్టారు. విచారణలో ఆవిడ ఏ సంకోచమూ లేకుండా ఇదంతా చెప్పింది. తను పుణ్యమే చేశానని ఆవిడ నమ్మకం. నాకు ఆవిడమీద కోపం రాలేదు గానీ, ఆ హెలికాప్టరు ఎగిరిన పల్లెల్లో ఏ ఎలెన్లు ఉన్నారో ఎవరైనా ఆవిడకు చెప్పి ఉంటే బాగుండుననిపించింది.

అన్నిటికన్నా పెద్ద దారి ఇరాన్ అమ్మకం. 1986 ఫిబ్రవరిలో పంపిన వెయ్యి టో క్షిపణులకు ఇరాన్ దగ్గర తీసుకున్నది కోటి డాలర్లు. అమెరికా ఖజానాకు కట్టింది 37 లక్షలు. మిగతాది మధ్యలో ఉన్న స్విస్ ఖాతాల్లోకి. మొత్తం ఇరాన్ అమ్మకాల మీద ఇలా మిగిలింది ఒక కోటి 61 లక్షల డాలర్లనీ, అందులో కాంట్రాలకు చేరింది 38 లక్షలనీ కాంగ్రెసు విచారణ సంఘం లెక్కకట్టింది. మరి మిగతాది? దేశభక్తి కోసం చేశామన్న పెద్దమనుషుల కమీషన్లూ, ఖర్చులూ, ఖాతాల్లో మూలుగుతూ కొంతా. చీరల వ్యాపారంలోనూ మధ్యవాడికి ఇంత మిగలదు.

1986 అక్టోబరు 5న కాంట్రాలకు ఆయుధాలు మోసుకెళ్తున్న ఒక సరుకుల విమానాన్ని నికరాగువా సైనికులు కూల్చేశారు. అందరూ చనిపోగా ప్యారాచూట్‌తో దూకిన యూజీన్ హాసెన్‌ఫస్ ఒక్కడు దొరికిపోయాడు. నెల తిరక్కుండానే నవంబరు 3న బీరూట్‌లో అష్ షిరా అనే వారపత్రిక టెహరాన్ ప్రయాణం సంగతి అచ్చువేసింది. చూశారా, ప్రపంచాన్ని గడగడలాడించే దేశం గుట్టు రట్టు చేసింది ఒక వారపత్రిక! మన వారపత్రికలను ఇంట్లో మగవాళ్ళు చిన్నచూపు చూస్తే ఈ మాట చెప్పండి.

నవంబరు 21న, అటార్నీ జనరల్ మనుషులు కాగితాలు చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ఇక్కడే మన ఫాన్ హాల్ వస్తుంది.

అప్పటికామెకు ఇరవయ్యేడేళ్ళు. 1983 నుంచీ నార్త్ దగ్గర పని. వాళ్ళమ్మ కూడా అక్కడే సెక్రటరీ, ఆ మెక్‌ఫార్లేన్ దగ్గర. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఆ రహస్యాల ఇంట్లో టైపు కొట్టి బతికినవాళ్ళు. ఆ రోజు నార్త్ కొన్ని పాత కాగితాలిచ్చి, ఈ వాక్యాలు తీసేసి మళ్ళీ టైపు చెయ్యమన్నాడు. చేసింది. తరవాత బీరువా ముందు నిలబడి ఆయన తీసిస్తుంటే ఆమె కాగితాలు కోసే యంత్రంలో పెట్టింది. సేమ్యాలాగా సన్నగా కోసేస్తుందది. కోసినది అడుగున్నర ఎత్తు దొంతర అని ఆమే చెప్పింది. మర్నాడు వచ్చినవాళ్ళకి అయినా ఒక కాగితం దొరికింది. ఇరాన్ డబ్బులో కోటి 20 లక్షలు కాంట్రాలకు అన్న కాగితమే. అన్నీ కోసి అసలుది మరిచిపోయారు. పోపులో ఉప్పు మరిచిపోయినట్టు.

25వ తేదీన అటార్నీ జనరల్ ఎడ్విన్ మీస్ ఈ సంగతి లోకానికి చెప్పాడు. పైఅధికారి పాయిండెక్స్టర్ రాజీనామా చేశాడు. నార్త్‌ను తీసేశారు. ఆఫీసుకు తాళాలు పడుతున్న సమయంలో, మార్చి టైపు చేసిన కాగితాలు ఇంకా పూర్తికాలేదనీ అసలువి అక్కడే ఉన్నాయనీ ఫాన్ హాల్‌కు గుర్తొచ్చింది. వాటిని మడిచి బూట్లలో దోపుకుంది. కొన్ని లంగా వెనక దోపుకుంది. బాగులు వెతికే కాపలావాళ్ళ ముందునుంచి నడిచి బయటికి వచ్చింది. ముందు నార్త్, పక్కన ఆయన లాయరు. కారెక్కాక లాయరు, కాగితాలు కొయ్యడం గురించి అడిగితే ఏం చెప్తావని అడిగాడుట. రోజూ కోస్తాం అని చెప్తానంది. బాగుంది అన్నాడుట ఆయన.

1987 జూన్‌లో ఆమె విచారణ సంఘం ముందు కూచుంది. నువ్వు చెప్పినది నీమీద వాడం అని అభయమిచ్చారు. పత్రికలు ఆమె జుట్టు గురించి రాసినంత ఆమె మాటల గురించి రాయలేదు. నాకు చిర్రెత్తింది. ఆమె చెప్పినవాటిలో రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. ఆయన మీద నమ్మకం, ఆయన చెప్తే ఏదో కారణం ఉండే ఉంటుంది, ప్రశ్నించడం నా పని కాదు అన్నది ఒకటి. ఒక్కోసారి రాసిపెట్టిన చట్టాన్ని దాటి పోవలసి వస్తుంది అన్నది రెండోది. రెండోమాట అనగానే హాలంతా ఉలిక్కిపడింది. నేను ఉలిక్కిపడింది మాత్రం మొదటి మాటకి.

ఎందుకంటే నేనూ అలా ఒకసారి కొట్టాను. ఇరవైమూడేళ్ళప్పుడు, నవలలు రాయడం ఇంకా మొదలుపెట్టకముందు, ఒక ఆఫీసులో టైపిస్టుగా చేశాను. మా ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మా నాన్నగారు పోయినప్పుడు అడగకుండానే అడ్వాన్సు ఇప్పించారు. ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్ళాక పిలిచి, "అమ్మాయ్, ఈ పేజీ మళ్ళీ కొట్టిపెట్టు. తారీఖు పదకొండు కాదు, నాలుగు వెయ్యి," అన్నారు. ఎందుకని అడగలేదు. ఇన్‌వర్డు రిజిస్టరులో అంకె కూడా నా చేత్తోనే దిద్దాను. నెల తరవాత ఆడిట్ వచ్చింది. స్టోర్సు గుమాస్తా ఒకాయన, నాలుగో తారీఖున వచ్చిన ఉత్తరాన్ని వారం రోజులు తొక్కిపెట్టాడని తేలింది. మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు ఆపేశారు. మధ్యాహ్నం భోజనాలప్పుడు తన క్యారియర్లోంచి నాకు రోజూ ఒక ఊరమిరపకాయ తీసి పెట్టే మనిషి. ఉత్తరం నాకు పదకొండునే అందింది మొర్రో అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. నాక్కూడా చెప్పుకున్నాడు.

వర్జీనియాలో ఆ మంచురోజున ఈ సంగతి చెల్లెలికి చెప్పాను. "నువ్వేం చేస్తావక్కా, పైవాళ్ళు చెప్తే!" అంది. ఫాన్ హాల్ కూడా అదే అంది కదే అన్నాను.

జూలైలో నార్త్ వచ్చాడు, మెడల్సు పెట్టుకున్న యూనిఫారంలో, వెనక భార్యను కూచోబెట్టుకుని. ఆరు రోజులు మాట్లాడాడు. కాంగ్రెసుకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు, అదీ ఛాతీ విరుచుకుని. దేశంలో సగంమంది ఆయనకు భక్తులైపోయారు. టెలిగ్రాములు గుట్టలుగా వచ్చిపడ్డాయి. లాయరు సల్లివన్ మాటిమాటికీ అడ్డుపడుతుంటే అధ్యక్షస్థానంలో ఉన్న సెనెటర్ ఇనోయే, మీ క్లయింటునే మాట్లాడనివ్వండి అన్నాడు. నేనేమీ కుండీలో మొక్కను కానని లాయరు విసురుగా జవాబిచ్చాడు. ఇనోయే రెండో ప్రపంచయుద్ధంలో అదే దేశంకోసం కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు.

ఈ దేశభక్తి కథలో చిన్నచిన్న గృహకృత్యాలు కూడా బయటపడ్డాయి. కాంట్రాల కోసం తెచ్చిన ట్రావెలర్స్ చెక్కుల్లో కొన్ని కిరాణా సామానుకూ, కారు టైర్లకూ, ఒక మేజోళ్ళ దుకాణంలో ఆడపిల్లల బట్టలకూ మారాయి. అవి తన సొంత డబ్బు ఖర్చయినందుకు తిరిగి తీసుకున్నవి అన్నాడు నార్త్. ఇంటికి 13,800 డాలర్ల భద్రతా ఏర్పాట్లు చేయించారు, వేరేవాళ్ళ డబ్బుతో. తీవ్రవాదుల బెదిరింపు ఉంది, పిల్లలున్న ఇల్లు, తప్పు పట్టను. కానీ గొడవయ్యాక ఆ బిల్లు తనే కట్టబోయినట్టు పాత తారీఖులతో ఉత్తరాలు సృష్టించారు. ఉత్తరం పాతదిగా కనిపించాలని టైపు మిషను అక్షరాలు కొన్ని చెడగొట్టి మరీ కొట్టాడుట. ఆ మాట వినేసరికి నాకు చేతులు చల్లబడ్డాయి. నాకు నేర్పిన విద్య అది.

మరి రీగన్? నవంబరు 13న టీవీలో ఆయన, బందీలకోసం ఆయుధాలు ఇవ్వలేదు, పంపినదంతా ఒక్క విమానంలో పట్టేంత అన్నాడు. నిజానికి వెళ్ళిన టో క్షిపణులే రెండువేలకు పైమాట. 1987 మార్చి 4న మళ్ళీ వచ్చి, ఇవ్వలేదనే నా మనసు చెప్తోంది గానీ వాస్తవాలు ఇచ్చామనే చెప్తున్నాయి అన్నాడు. ఇలాంటి క్షమాపణ ఇంట్లో మగవాళ్ళ దగ్గర తప్ప నేను మరెక్కడా వినలేదు. ఆ నాలుగు నెలలూ ఆయన జనం ముందుకు ఎక్కువ రాకపోవడానికి నాన్సీ రీగన్ నమ్మిన శాన్‌ఫ్రాన్సిస్కో జ్యోతిష్కురాలు జోన్ క్విగ్లీ చెప్పిన చెడ్డరోజులు కూడా కారణమని ఆయన దగ్గర పనిచేసిన డొనాల్డ్ రీగన్ 1988లో పుస్తకంలో రాశాడు. (ఇంటిపేరు ఒకేలా వినిపించినా చుట్టాలు కారు.) రాహుకాలం మనకొక్కళ్ళకే అనుకుంటాం!

ఇంతా చేసి ఎందరు బందీలు వచ్చారు? ముగ్గురు. వియర్, ఫాదర్ జెంకో, జేకబ్‌సన్. ఆ మూడో మనిషి ఇల్లు చేరేలోపలే బీరూట్‌లో కొత్తగా ముగ్గురు అమెరికన్లను ఎత్తుకుపోయారు. మనిషికి ధర ఉందని తెలిశాక ఎత్తుకుపోరూ మరి? టెరీ ఆండర్సన్ 1991 డిసెంబరులో గానీ బయటపడలేదు. 2,454 రోజులు.

శిక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను, చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు కనుక. 1989 మేలో నార్త్ మీద మూడు నేరాలు రుజువయ్యాయి. కాగితాలు నాశనం చేయడం ఒకటి, ఆ భద్రతా ఏర్పాట్లు పుచ్చుకోవడం ఒకటి, కాంగ్రెసును అడ్డుకోవడంలో సాయపడడం ఒకటి. నువ్వు నాయకుడివి కాదు, పైన కొందరి పనులు చేసిపెట్టిన చిన్న ఉద్యోగివి అన్నాడు జడ్జి గెసెల్, జైలు లేకుండా జరిమానా, సమాజసేవ వేస్తూ. అభయమిచ్చి చెప్పించిన మాటలు సాక్షుల మీద పనిచేసి ఉండవచ్చని పైకోర్టు ఆ తీర్పూ కొట్టేసింది. పాయిండెక్స్టర్‌దీ అంతే అయింది. 1992 డిసెంబరు 24న, అధికారం దిగిపోయే ముందు, అధ్యక్షుడు బుష్ మెక్‌ఫార్లేన్, మాజీ రక్షణమంత్రి వైన్‌బర్గర్‌తో సహా ఆరుగురికి క్షమాభిక్ష పెట్టాడు. వైన్‌బర్గర్ మీద విచారణ అప్పటికింకా మొదలే కాలేదు. ఆరేళ్ళు పరిశోధించిన లారెన్స్ వాల్ష్ మండిపడ్డాడు. మండిపడి ఏం లాభం? ఈ మొత్తం వ్యవహారంలో జైల్లో కూచున్నది ఒక్కడు, థామస్ క్లైన్స్. అదీ పన్ను ఎగ్గొట్టినందుకు.

ఫోనులో చెల్లెలు ఇంకా ఏదో చెప్తూనే ఉంది. నలభై ఏళ్ళ తరవాత ఆ ఇద్దరూ కలిశారు కదక్కా, నీ నవలకి పనికొస్తుంది అంటోంది. నాకు మాత్రం వేరే సంగతి గుర్తొస్తోంది. ఆరేళ్ళ క్రితం మా బంధువుల పెళ్ళిలో ఆ స్టోర్సు గుమాస్తాగారు కనిపించారు. రిటైరైపోయారు. చెవి సరిగ్గా వినపడటం లేదు. నన్ను గుర్తుపట్టి, పక్కనున్న ఆవిడకు "మా ఆఫీసమ్మాయే, కథలు రాస్తుంది. టైపులో తప్పంటూ ఉండేది కాదు," అని చెప్పారు. "బాబాయిగారూ, ఆ తారీఖు..." అన్నాను. "ఆఁ?" అని చెవి ముందుకు పెట్టారు. ఇంతలో ఎవరో భోజనాలకి లేవమన్నారు. లేచి వెళ్ళి ఆయన పక్క విస్తట్లోనే కూచున్నాను. ఊరమిరపకాయ వడ్డిస్తే తనది తీసి నా విస్తట్లో వేశారు.